ఓడ దిగాక సొంతంగా తిరగాలంటే: కరీబియన్ క్రూజ్ ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నీ దాదాపు ఒకటే అడిగాయి. ఓడవాళ్ళు అమ్మే టూర్లు కొనకుండా, రేవులో దిగి మన దారిన మనం తిరిగి రావచ్చా? రావచ్చు. అయితే అన్ని రేవులకూ కలిపి ఒకే నిర్ణయం తీసుకోకండి. ఒకే క్రూజులో రెండు చోట్ల సొంతంగా తిరిగి, మూడో చోట ఓడ టూరు కొనుక్కోవడమే తెలివైన పని కావచ్చు.

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్): డిసెంబరు సెలవుల్లో గాల్వెస్టన్ నుంచి వారం రోజుల క్రూజ్ బుక్ చేశాం. రొవటాన్, కోస్టా మాయా, కొజుమెల్ ఆగుతుంది. నలుగురికీ ఓడ టూర్లంటే తడిసి మోపెడవుతోంది. సొంతంగా వెళ్దామంటే, ఆలస్యమైతే ఓడ వదిలేసి పోతుందంటున్నారు. నిజమేనా? టైము లెక్క ఎలా వేసుకోవాలి?

జవాబు: నిజమే. ఓడ టూరు బస్సు ఆలస్యమైతే కెప్టెన్ సాధారణంగా ఆగుతాడు. ఆగడం కుదరకపోతే ఆ ప్రయాణికుల్ని తర్వాతి రేవుకి చేర్చే బాధ్యత ఓడ సంస్థదే. సొంతంగా వెళ్ళినవాళ్ళకి ఆ హామీ లేదు. ఓడ టూరుకి మీరు కట్టే అదనపు డబ్బులో పెద్ద భాగం ఈ హామీకే. కాబట్టి ప్రతి రేవులోనూ వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇక్కడ ఆ హామీ నాకు అవసరమా?

లెక్క ఇలా వేయండి. ఓడ ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకు అని రాసి ఉంటే, చేతిలో తొమ్మిది గంటలున్నాయని అనుకోవద్దు. 8కి జెట్టీకి తగులుతుంది. స్థానిక అధికారులు అనుమతి ఇచ్చి, మెట్లు దించేసరికి మరో పావుగంట, అరగంట పడుతుంది. వేలమంది ఒకేసారి దిగుతారు. ఆ పైన పొడవాటి జెట్టీ, దాని చివర దుకాణాల సముదాయం దాటి గేటు బయట పడేసరికి 8:45 అవుతుంది. అటువైపు చూస్తే, అందరూ ఓడలో ఉండాల్సిన సమయం (దీన్నే ఆల్ అబోర్డ్ అంటారు) 5 కాదు, మామూలుగా 4:30. దానికి కనీసం గంట ముందు రేవు గేటు దగ్గర ఉండాలనుకుంటే 3:30. తొమ్మిది గంటలు కాస్తా ఏడు గంటల లోపుకి వచ్చాయి. వెళ్ళే చోటికి ఒకే రోడ్డు ఉన్నా, మధ్యలో ఫెర్రీ ఉన్నా ఆ గంటని రెండు గంటలు చేసుకోండి.

ఇక అసలు చిక్కు గడియారంతో. ఓడ గడియారం, ఊరి గడియారం ఒకటి కాకపోవచ్చు. కొజుమెల్, కోస్టా మాయా ఉన్న మెక్సికోలోని కింతానా రో రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడవునా ఒకే సమయం పాటిస్తోంది. వేసవిలో గడియారం మార్చదు. డిసెంబరులో గాల్వెస్టన్ సమయం కంటే అక్కడ గంట ముందుంటుంది. హోండురస్ దీవి అయిన రొవటాన్‌లో మాత్రం ఆ నెలలో గాల్వెస్టన్ సమయమే. ఓడ తన గడియారాన్ని మార్చకపోతే, మీరు కొజుమెల్‌లో "ఉదయం 9" అని బుక్ చేసుకున్న టూరు ఓడ లెక్కలో 8కే బయల్దేరుతుంది. మీరింకా మెట్ల దగ్గర వరసలో ఉంటారు, డబ్బు పోతుంది. డిసెంబరులో పోయేది అంతే. వేసవిలో అయితే తిరగబడుతుంది. అప్పుడు గాల్వెస్టన్ కంటే రొవటాన్ గంట వెనక. బీచిలో గోడ గడియారం 3:30 చూపిస్తుంటే ఓడలో 4:30. ఓడ తప్పిపోయేవాళ్ళలో చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. మయామి నుంచి వెళ్ళే ఓడలకి వేసవిలో కొజుమెల్, జమైకా, గ్రాండ్ కేమన్ మూడూ గంట వెనకే.

ఫోను దానంతటదే స్థానిక సమయానికి మారిపోతుంది కాబట్టి దాన్ని నమ్మకండి. ఆటోమేటిక్ టైమ్ ఆపేయండి, లేదా చేతికి మామూలు వాచీ పెట్టుకుని ఓడ సమయానికి తిప్పుకోండి. దిగే ముందు మెట్ల దగ్గర పెట్టిన ఆల్ అబోర్డ్ బోర్డుని ఫోటో తీసుకోండి. టూరు బుక్ చేసేటప్పుడే "ఇది ఓడ సమయమా, స్థానిక సమయమా?" అని అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

డబ్బు సంగతికొస్తే, ఓడ టూరు తలకి ఇంత. టాక్సీ చాలా చోట్ల బండికి ఇంత. ఉదాహరణకి బీచి టూరు తలకి 70 డాలర్లయితే నలుగురికి 280. అదే బీచికి రానూపోనూ టాక్సీ 60, గొడుగూ కుర్చీలూ 40 అయితే వందతో పోయింది. ఒక్కరో ఇద్దరో వెళ్తే ఈ తేడా బాగా తగ్గుతుంది. అప్పుడు ఓడ టూరు గురించి మళ్ళీ ఆలోచించవచ్చు.

ప్రశ్న (ప్లేనో, టెక్సస్): కొజుమెల్‌లో దిగి చిచెన్ ఇట్జా చూసి రావచ్చా? పిల్లలకి పిరమిడ్ చూపించాలని ఉంది.

జవాబు: సొంతంగా వద్దు. కొజుమెల్ ఒక ద్వీపం, ప్రాచీన మాయా నాగరికత నగరమైన చిచెన్ ఇట్జా ప్రధాన భూభాగంలో బాగా లోపల ఉంది. ఫెర్రీలో ప్లాయా దెల్ కార్మెన్‌కి ముప్పావుగంట, అక్కడి నుంచి రోడ్డు మీద రెండున్నర గంటలు. రావడానికీ అంతే. ఫెర్రీ కోసం నిలబడే సమయం కలిపితే ప్రయాణానికే ఏడు గంటలు పోతాయి. గాలి ఎక్కువైతే రేవు అధికారులు ఫెర్రీని ఆపేస్తారు కూడా. అప్పుడు అవతలి ఒడ్డున నిలబడి, కళ్ళముందే వెళ్ళిపోతున్న ఓడకి చెయ్యి ఊపాల్సిందే. అక్కడిదే మరో మాయా నగరం తులుమ్ కొంత దగ్గరే గానీ ఫెర్రీ గండం దానికీ ఉంది. ఓడ కొజుమెల్‌లో బాగా పొద్దుపోయేదాకా ఆగితే ఓడ టూరులోనే వెళ్ళండి. హామీ కొనుక్కోవాల్సిన చోటు ఇది.

పిల్లలకి మాయా కట్టడాలు చూపించడమే కావాలంటే రెండు దారులున్నాయి. కొజుమెల్ ద్వీపం మధ్యలో సాన్ హెర్వాసియో ఉంది. ఇష్చెల్ అనే దేవత కోసం మాయా స్త్రీలు పడవల మీద యాత్ర చేసి వచ్చిన క్షేత్రం. కట్టడాలు చిన్నవి, పిరమిడ్ ఊహించుకుని వెళ్తే నిరాశ తప్పదు. టాక్సీలో వెళ్ళి, గంటన్నర చూసి, ఆ తర్వాత బీచికి పోవచ్చు. దోమల మందు తప్పనిసరి. రెండోది, మీరు ఆగే రేవుల్లో కోస్టా మాయా ఉంటే అక్కడి చక్‌చోబెన్. రేవు నుంచి రోడ్డు మీద గంట లోపే. అడవి మధ్యలో నిజమైన మెట్ల పిరమిడ్లు చూడొచ్చు, ఫెర్రీ బెడద లేదు. స్థానిక టూర్లవాళ్ళు ఓడల వేళలకే నడుపుతారు కాబట్టి సొంతంగా బుక్ చేసుకోవడానికి ఇది మంచి చోటు.

కొజుమెల్‌లో మూడు క్రూజ్ జెట్టీలున్నాయి. పుంటా లంగోస్టా ఊరి నడిబొడ్డున ఉంటుంది. ఇంటర్నేషనల్ పియర్, పుయెర్తా మాయా ఊరికి దక్షిణంగా కొన్ని కిలోమీటర్ల దూరం. మీ ఓడ ఏ జెట్టీకి వస్తుందో ముందే చూసుకుని, టూరువాళ్ళకి ఆ పేరు రాయండి. "రేవు దగ్గర కలుద్దాం" అంటే మూడు చోట్లలో ఎక్కడైనా కావచ్చు. టాక్సీ ధరల బోర్డు స్టాండు దగ్గరే ఉంటుంది. ఎక్కే ముందు వేలితో చూపించి ఖాయం చేసుకోండి. బోర్డు లేని చోట మూడు మాటలు తేల్చుకోవాలి: తలకా, బండికా? ఒకవైపా, రానూపోనా? ఏ దేశం కరెన్సీలో? రానూపోనూ మాట్లాడుకుంటే డబ్బంతా ముందే ఇవ్వకండి, తిరిగి గేటు దగ్గర దింపాక ఇవ్వండి.

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ): అమ్మానాన్న విజయవాడ నుంచి బి1/బి2 వీసా మీద వచ్చారు. నాకు హెచ్-1బి. అందరివీ ఇండియన్ పాస్‌పోర్టులే. మయామి నుంచి సాన్ హువాన్, సెయింట్ థామస్, సెయింట్ మార్టిన్ వెళ్ళే క్రూజ్ చూస్తున్నాం. రేవుల్లో దిగడానికి ఇబ్బందులుంటాయా? అమ్మకి మోకాళ్ళ నొప్పి.

జవాబు: టూర్ల కన్నా ముందు కాగితాల సంగతి తేల్చుకోవాలి. అమెరికా పౌరులు ఇలాంటి క్రూజులకి జనన ధ్రువపత్రం, గుర్తింపు కార్డులతో వెళ్ళిపోతుంటారు. ఆ వెసులుబాటు మనకి లేదు. అందరికీ పాస్‌పోర్టు, అందులో గడువు తీరని, మళ్ళీ మళ్ళీ ప్రవేశించనిచ్చే అమెరికా వీసా ఉండాలి. ఓడ బయటి దేశాలకి వెళ్ళి వస్తుంది కాబట్టి తిరిగి రావడం కొత్తగా ప్రవేశించడం కిందే లెక్క. క్రూజ్ వెళ్ళొస్తే అమ్మానాన్నలకి అమెరికాలో ఉండడానికి మళ్ళీ ఆరు నెలలు వస్తాయని ఆశ పెట్టుకోకండి. ముప్పై రోజుల లోపు పక్క దీవులకి వెళ్ళొస్తే పాత గడువే కొనసాగించే అధికారం ఇమ్మిగ్రేషన్ అధికారికి ఉంది.

మీ పాస్‌పోర్టులో హెచ్-1బి స్టాంపు గడువు తీరి, ఐ-797 (ఆమోద పత్రం) మాత్రమే ఉంటే ఈ క్రూజ్ ఎక్కకండి. గడువు తీరిన స్టాంపుతో తిరిగి రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ హెచ్-1బి వాళ్ళకి కెనడా, మెక్సికోలకి మాత్రమే. ఎఫ్, జె వీసాల విద్యార్థులకి క్యూబా తప్ప పక్క దీవులకీ ఉంది. రొవటాన్ హోండురస్‌ది కాబట్టి అది ఈ రెండింట్లోనూ రాదు. ఇలాంటి పరిస్థితిలో టికెట్ కొనే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుని అడగాల్సిందే. దీవుల వీసాల విషయానికొస్తే, ఒక్కో దీవిదీ ఒక్కో దేశం, ఒక్కో రూలు. కావాల్సిన కాగితం ఒక్కటి లేకపోయినా మయామిలోనే ఓడ ఎక్కనివ్వకపోవచ్చు. ఓడ సంస్థకి "ఇండియన్ పాస్‌పోర్టు, అమెరికా వీసా ఉంది" అని స్పష్టంగా రాసి, ఒక్కో రేవుకీ జవాబు రాతలో తెప్పించుకోండి. ఫోనులో చెప్పింది రేవు కౌంటరు దగ్గర పనికిరాదు.

సాన్ హువాన్, సెయింట్ థామస్ రెండూ అమెరికావే. ఓడ విదేశీ రేవు తర్వాత వీటిలో ఒకదానికి వస్తే, అమెరికా పౌరులు కానివాళ్ళని ఇమ్మిగ్రేషన్ తనిఖీకి పిలవవచ్చు. పొద్దున్నే ఒక హాలుకి పాస్‌పోర్టుతో రమ్మని ముందు రోజు రాత్రి గదికి చీటీ వస్తుంది. వరస పెద్దదైతే గంట పోతుంది. అందుకే ఈ రెండు రేవుల్లో ఉదయం తొలి టూరు బుక్ చేయకండి, పదిన్నర తర్వాతది చూడండి.

మిగతా రేవుల్లో పాస్‌పోర్టు వెంట తీసుకెళ్ళాలా అని చాలామంది అడుగుతుంటారు. ఓడ తప్పితే అక్కరకొస్తుంది కాబట్టి తీసుకెళ్ళమని అమెరికన్ ప్రయాణికులు చెబుతుంటారు. ఇండియన్ పాస్‌పోర్టుకి మా సలహా వేరు. అది పోతే దాంతో పాటు అమెరికా వీసా పోతుంది. కొత్త పాస్‌పోర్టు, ఆపై కొత్త వీసా అంటే పరాయి దేశంలో వారాల పని. రేవు చుట్టుపక్కలే తిరిగే రోజున అసలు పాస్‌పోర్టు గదిలో లాకర్లో పెట్టి, జిరాక్సూ ఫోనులో ఫోటోలూ తీసుకెళ్ళండి. ఎవరైనా రాలేదని తెలిస్తే ఓడ సిబ్బంది చాలాసార్లు లాకర్ తెరిచి, పాస్‌పోర్టుని రేవులోని ఏజెంటుకి అప్పగించి వెళ్తారు. ఆ ఏజెంటు ఫోను నంబరు ఓడవాళ్ళిచ్చే రోజువారీ కాగితంలో ఉంటుంది, దాన్నీ ఫోటో తీసుకోండి. ఫెర్రీలో వేరే చోటికి వెళ్తున్నా, కారు అద్దెకి తీసుకుంటున్నా, ఓడవాళ్ళు ఆ రేవుకి అసలుదే కావాలన్నా మాత్రం వెంట ఉండాల్సిందే. రెండు సందర్భాల్లోనూ రెండు రోజుల మందులు, క్రెడిట్ కార్డు, ఓడ కార్డు చేతి సంచీలో ఉండాలి.

అమ్మగారి మోకాళ్ళ గురించి. సాన్ హువాన్‌లో పాత ఊరి జెట్టీలకి ఓడ వస్తే కోటలు నడక దూరమే, కానీ రాళ్ళు పరిచిన ఎత్తుపల్లాల వీధులు. ఎల్ మోర్రో కోట ముందు నీడ లేని పెద్ద పచ్చిక మైదానం దాటాలి. వెళ్ళేటప్పుడు సాన్ క్రిస్టోబాల్ కోట వరకు టాక్సీ తీసుకుని, అదొక్కటే చూసి, దిగువకి నడిచి రావడం సుఖం. సాన్ హువాన్‌లో చాలా ఓడలు మధ్యాహ్నం తర్వాతే ఆగుతాయి. సాయంత్రానికి కోటలు మూసేస్తారు, మీ వేళలు చూసుకోండి. ఇంకోటి, అమ్మానాన్నలకి అమెరికా కోసం తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ ఓడలోనూ దీవుల్లోనూ వర్తిస్తుందో లేదో పాలసీ కాగితంలో వెతకండి. ఓడలోని ఆస్పత్రి బిల్లు, అక్కడి నుంచి తరలింపు ఖర్చు మామూలుగా ఉండవు.

ప్రశ్న (టాంపా, ఫ్లోరిడా): గ్రాండ్ కేమన్‌లో స్టింగ్‌రే చేపల మధ్య నీళ్ళలో నిలబడే స్టింగ్‌రే సిటీకి ప్రైవేటు పడవ బుక్ చేస్తున్నాం. ఉదయం 8:30కి రమ్మంటున్నారు. ఓడ 8కి వస్తుంది. సరిపోతుందా? మాలో ఇద్దరికి ఈత రాదు.

జవాబు: సరిపోదు. గ్రాండ్ కేమన్‌లో పెద్ద ఓడలు కట్టేసే జెట్టీ లేదు. కట్టాలా వద్దా అని 2025 ఏప్రిల్‌లో ప్రజాభిప్రాయం తీసుకుంటే వద్దనే మెజారిటీ వచ్చింది. కాబట్టి ఓడ జార్జ్ టౌన్ ముందు లంగరు వేసి, టెండర్లు అనే చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకి చేరుస్తుంది. మొదట ఓడ టూర్లు కొన్నవాళ్ళు, ఖరీదైన గదులవాళ్ళు, పాత ఖాతాదారులు దిగుతారు. మిగతావాళ్ళు టెండర్ నంబరు తీసుకుని వంతు కోసం ఎదురుచూడాలి. ఓడ వచ్చే సమయానికి కనీసం రెండు గంటల తర్వాతి టూరే తీసుకోండి. మీ విషయంలో 10 లేదా 10:30. తిరుగు ప్రయాణంలో చూడాల్సింది ఓడ బయల్దేరే సమయం కాదు, చివరి టెండర్ సమయం. అది గంట ముందే ఉండవచ్చు. చివర్లో వరస ఎండలో చాలా దూరం సాగుతుంది. బెలీజ్ సిటీలో ఇంకా ఎక్కువ సమయం పడుతుంది, అక్కడ లోతు లేక ఓడ మైళ్ళ దూరంలోనే ఆగిపోతుంది.

అలలు ఎక్కువైతే టెండర్ రేవుని కెప్టెన్ పూర్తిగా వదిలేస్తాడు. అందుకే "ఓడ రేవుకి రాకపోతే పూర్తి డబ్బు వాపసు" అని రాసివ్వని టూరుకి ఇక్కడ ముందే డబ్బు కట్టకండి.

ఈత రాకపోయినా స్టింగ్‌రే సిటీ ఇసుక దిబ్బ మీద నిలబడవచ్చు, నీళ్ళు నడుము నుంచి ఛాతీ దాకా వస్తాయి. ఆటుపోటుని బట్టి మారుతుంది, పొట్టివాళ్ళకీ పిల్లలకీ ఎక్కువే. లైఫ్ జాకెట్ పిల్లల సైజులో ఉందా అని ముందే అడగండి. చాలా పడవల్లో పెద్దవాళ్ళవే ఉంటాయి. నీళ్ళలో అడుగు ఎత్తి వేయకండి, ఇసుకలో పాదం ఈడ్చుకుంటూ నడవండి. స్టింగ్‌రే తోకలో ముల్లుంటుంది, పొరపాటున తొక్కితేనే అది కుడుతుంది. తడి పడవ మీదా టెండర్ మెట్ల మీదా చీర, చెప్పులు ప్రమాదం. లెగ్గింగ్సు, వెనక పట్టీ ఉన్న పాదరక్షలు మేలు.

టూరు తర్వాత సెవెన్ మైల్ బీచికి టాక్సీ అక్కర్లేదు. జార్జ్ టౌన్‌లో ఎడ్వర్డ్ వీధిలోని పబ్లిక్ లైబ్రరీ పక్క నుంచి చిన్న బస్సులు వెళ్తాయి. ధరలు చదివేటప్పుడు ఒక్క జాగ్రత్త: కేమన్ డాలరు అమెరికా డాలరు కన్నా విలువైనది. దుకాణాల్లో ఒక అమెరికా డాలరుని 80 కేమన్ సెంట్లుగా లెక్కిస్తారు. మెనూలో 20 కనిపిస్తే మీరు కట్టేది 25.

ప్రశ్న (అట్లాంటా): సెయింట్ థామస్‌లో దిగి పక్కనున్న సెయింట్ జాన్‌లోని ట్రంక్ బే, సెయింట్ మార్టిన్‌లో విమానాలు తల మీద నుంచి వెళ్ళే మాహో బీచ్ రెండూ సొంతంగా చేయాలనుకుంటున్నాం. కుదురుతుందా?

జవాబు: ఓడ ఎనిమిది గంటలకి పైగా ఆగితే ట్రంక్ బే కుదురుతుంది. హావెన్‌సైట్ జెట్టీ నుంచి టాక్సీలో రెడ్ హుక్‌కి సుమారు అరగంట పైనే, అక్కడి నుంచి ఫెర్రీ 20 నిమిషాలు, దిగాక మళ్ళీ టాక్సీ 10, 15 నిమిషాలు. ఫెర్రీ గంటకొకటి కాబట్టి ఒకటి తప్పితే గంట పోయినట్టే. ఒకవైపుకి గంటన్నర నుంచి రెండు గంటలు అనుకోండి. తిరుగు ఫెర్రీ సమయం ముందే రాసుకుని, దాని కన్నా ముందు ఫెర్రీకే బయల్దేరండి. అంత సమయం లేకపోతే సెయింట్ థామస్‌లోనే మేగెన్స్ బే ఉంది, టాక్సీలో ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. ఇక్కడ టాక్సీ ధర బండికి కాదు, తలకి. ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. సఫారీ అనే తెరిచిన ట్రక్కులు నిండేదాకా కదలవు. కారు అద్దెకి తీసుకోమని మేం చెప్పం. స్టీరింగు ఎడమ వైపు ఉన్న బండిని రోడ్డుకీ ఎడమ వైపే నడపాలి, పైగా కొండ మలుపులు.

మాహో విషయంలో దూరం చిన్నదే, గండమంతా ట్రాఫిక్కుతో. ఫిలిప్స్‌బర్గ్ జెట్టీ నుంచి ఖాళీ రోడ్డులో అరగంట, మధ్యాహ్నం గంట పైనే. దారిలో సింప్సన్ బే దగ్గర పడవల కోసం వంతెన పైకి లేపుతారు. లేపినప్పుడల్లా రెండు వైపులా బండ్లు బారులు తీరతాయి. ఆ రోజు పెద్ద విమానాలు ఎప్పుడొస్తాయో విమానాశ్రయం వేళలు చూసుకుని, ఆల్ అబోర్డ్ 4:30 అయితే 2:30కల్లా మాహో వదిలేయండి. విమానం దిగడం చూడండి. లేచేటప్పుడు కంచె పట్టుకుని నిలబడకండి. 2017లో ఇంజిన్ గాలి విసురుకి ఒక పర్యాటకురాలు ప్రాణం పోగొట్టుకుంది. పిల్లలతో ఉన్నవాళ్ళకి ఫిలిప్స్‌బర్గ్ బీచే హాయి. జెట్టీ నుంచి నడక, లేదా వాటర్ టాక్సీ. సాయంత్రం వరకు గడియారం గోల ఉండదు.

ప్రశ్న (షార్లెట్): సెప్టెంబరులో టికెట్లు చవకగా ఉన్నాయి. ఓడ దారి మారితే మేం ముందే కట్టిన టూర్ల డబ్బు ఏమవుతుంది?

జవాబు: తుఫాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30. సెప్టెంబరు దాని నడి మధ్య. చవక అందుకే. తూర్పు కరీబియన్ అని బయల్దేరిన ఓడ పడమరకి తిరిగిపోవచ్చు. ఓడ టూరు డబ్బు దానంతటదే వెనక్కి వస్తుంది. సొంతంగా చేసిన బుకింగుల్లో రెండు వాక్యాలు వెతకండి: ఓడ రేవుకి రాకపోతే ఏమిటి, రేవులో సమయం మారితే ఏమిటి. మొదటిది చాలామంది రాస్తారు, రెండోది తక్కువమంది. ఓడ వచ్చింది గానీ మధ్యాహ్నం వచ్చింది, మీ టూరు పొద్దున అయిపోయింది, డబ్బు రాలేదు అనే ఫిర్యాదు ఇక్కడే పుడుతుంది. కొద్దిగా అడ్వాన్సు కట్టి మిగతాది అక్కడ ఇచ్చే పద్ధతి ఉత్తమం. అడ్వాన్సు క్రెడిట్ కార్డుతోనే. "సమయానికి ఓడకి చేరుస్తాం" అనే గ్యారంటీ కనిపిస్తే, చేర్చకపోతే ఏం ఇస్తారో రాశారా చూడండి. తర్వాతి రేవుకి విమానం టికెట్ ఇస్తామని రాసినవాళ్ళదే గ్యారంటీ, మిగతాది ప్రకటన.

ప్రశ్న (ఆస్టిన్): మేం శాకాహారులం. ఓడ బఫే నుంచి పిల్లలకి ఏదైనా కట్టుకుని దిగవచ్చా? ఇంకేమైనా తేకూడనివి ఉన్నాయా?

జవాబు: పళ్ళు, వండిన పదార్థాలు, శాండ్‌విచ్‌లు ఒడ్డుకి తేవడం దాదాపు అన్ని దీవుల్లోనూ నిషేధం, కొన్నిచోట్ల గేటు దగ్గర కుక్కలతో తనిఖీ చేస్తారు. సీలు తీయని బిస్కెట్, చిప్స్ ప్యాకెట్లకి సాధారణంగా అభ్యంతరం ఉండదు. ఖాళీ సీసాలో ఓడ నీళ్ళు నింపుకుని దిగండి. బార్బడోస్‌లో శనగలు, బంగాళదుంప పెట్టిన రోటీ దొరుకుతుంది. ట్రినిడాడ్ మీదుగా వచ్చిన మన వంట అది. లోపల మాంసం లేదు కదా అని అడిగి తీసుకోవాలి. ఫిలిప్స్‌బర్గ్‌లో నగల దుకాణాలు చాలావరకు సింధీలవి. మంచి శాకాహార భోజనం ఎక్కడని వాళ్ళనే అడగండి.

తేకూడనివాటిలో మనవాళ్ళు ఊహించనిది మిలిటరీ డిజైన్ బట్టలు. జమైకా, బార్బడోస్, సెయింట్ లూసియా, ఆంటిగ్వా వంటి దీవుల్లో మామూలు జనం అవి వేసుకోవడం నేరం. చిన్నపిల్లాడి నిక్కరైనా, భుజాన సంచీ అయినా అంతే. సన్‌స్క్రీన్ సీసా వెనక ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ పేర్లున్నాయేమో చదవండి. ఉంటే సెయింట్ థామస్‌లో 2020 నుంచి అవి చెల్లవు. జింక్ ఆక్సైడ్ ఉన్నది కొనుక్కోండి, పగడాల దీవులన్నిటికీ అదొక్కటే సరిపోతుంది.

ప్రశ్న (హైదరాబాద్): బార్బడోస్‌లో ఒక రోజు ఆగుతాం. 2024 ప్రపంచకప్ ఫైనల్ జరిగిన మైదానం చూడవచ్చా?

జవాబు: కెన్సింగ్టన్ ఓవల్ బ్రిడ్జ్‌టౌన్ రేవుకి చాలా దగ్గర, నడిచే వెళ్ళవచ్చు. ఎండకి టోపీ ఉండాలి. మ్యాచ్ లేని రోజున లోపలికి రానిస్తారో లేదో, ఏ వేళల్లోనో ముందే మెయిల్ రాసి కనుక్కోండి. నేరుగా వెళ్తే గేటు బయట ఫోటోతో సరిపెట్టుకోవాల్సి రావచ్చు. అక్కడి నుంచి కార్లైల్ బే బీచికి బస్సులో వెళ్ళండి. టికెట్ మూడున్నర బార్బడోస్ డాలర్లు. రెండు బార్బడోస్ డాలర్లకి ఒక అమెరికా డాలరు. చిల్లర ఉంచుకోండి.

ప్రశ్న (విశాఖపట్నం): గ్వాడలూప్‌లో హిందూ దేవాలయం ఉందని విన్నాం. ఓడ దిగి చూసి రావచ్చా?

జవాబు: రావచ్చు. కాపెస్టెర్-బెల్-ఓ ఊరి దగ్గర షాంజీ ఆలయం, రోడ్డు మీదికే కనిపించే గోపురం. 1854 డిసెంబరులో ఒరెలీ అనే ఓడలో మొదటి భారతీయ కూలీలు గ్వాడలూప్ చేరారు. చెరకు తోటల కోసం ఆ తర్వాత వచ్చినవాళ్ళలో తమిళులు ఎక్కువ, తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ వారసులదే ఈ గుడి. ఓడ ఆగే పాయింత్-ఆ-పీత్ర్ నుంచి కారులో ముప్పావుగంట దూరం. ఇది ఫ్రాన్సులో భాగం కాబట్టి డాలర్లు కాదు, యూరోలు కావాలి. టాక్సీవాళ్ళకి ఇంగ్లీషు తక్కువ. ఆలయం పేరు, ఊరి పేరు, తిరిగి రావాల్సిన సమయం ఫ్రెంచిలో కాగితం మీద రాసుకెళ్ళి చూపించండి. అక్కడ టాక్సీ మళ్ళీ దొరకదు, వెళ్ళినదాన్నే ఆపుకోవాలి. ఆగినందుకు ఎంతో ఎక్కే ముందే మాట్లాడుకోండి. ఆదివారం ఊరంతా మూసి ఉంటుంది కాబట్టి ఆ రోజు ఓడ ఆగితే బండి ముందే ఏర్పాటు చేసుకోవాలి.